మీ ఊరి గుట్ట భూమిలో ఎలా చల్లారిందో చూసి చెప్పడం ఎలా?

ఎండాకాలం సెలవులు మొదలైతే నా ఫోన్ నిండా రాళ్ల ఫోటోలే. దేవరకొండ నుంచి ఒకరు, వనపర్తి నుంచి ఇంకొకరు, జడ్చర్ల రోడ్డు పక్కన బండి ఆపి మరొకరు. ప్రశ్న మాత్రం ఒకటే: "సార్, మా గుట్ట ఒకప్పుడు అగ్నిపర్వతమా?"

కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ గుట్టల్లో ఎక్కువ భాగం గ్రానైట్. అది పైకి పొంగి పారిన లావా కాదు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట, కిలోమీటర్ల లోతున ఇరుక్కుపోయిన మాగ్మా, అంటే కరిగిన రాయి, అక్కడే నిదానంగా చల్లారి గట్టిపడింది. దాని మీద కప్పుకొని ఉన్న రాయంతా తర్వాత ఎండకూ వానకూ అరిగిపోయింది. అప్పుడు లోపలి రాయి బయటపడింది. మీరు సెల్ఫీ దిగే బండ ఒకప్పటి భూమి కడుపు, కొండ శిఖరం కాదు.

ఈ మాట నేను చెప్పానని నమ్మాల్సిన పని లేదు. రాయిలోనే రుజువు ఉంది, దాన్ని చూడటం ఎలాగో చెబుతాను. థియరీ ఒక్క ముక్కే: మాగ్మా నిదానంగా చల్లారితే పలుకులు పెద్దవవుతాయి, గబగబా చల్లారితే చిన్నవిగా ఉండిపోతాయి. పలుకు అంటే ఉప్పు పలుకు లాంటిదే, రాయిలో ఒక్కో ఖనిజం గింజ.

ఏమేం కావాలి

ఇంట్లో ప్రయోగానికి: పావు కిలో పటిక, రెండు గాజు గ్లాసులు, స్టీలు గిన్నె, ఐసు, పాత బొంత. పటిక అంటే పటికబెల్లం కాదు. దుకాణాల ముందు దిష్టికి వేలాడదీస్తారే, మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దుతారే, అది. కిరాణా కొట్టులో దొరుకుతుంది.

గుట్ట దగ్గరికి: పదింతలు పెద్దగా చూపే చిన్న భూతద్దం (నగలు చేసేవాళ్లు వాడేది బాగుంటుంది), స్కేలు, నీళ్ల బాటిల్, కాస్త వెనిగర్, పాత టూత్ బ్రష్, స్టీలు కత్తి లేదా పెద్ద మేకు, దారం కట్టిన చిన్న అయస్కాంతం, నోట్‌బుక్కు. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరా జూమ్‌తో సగం పని అవుతుంది. సుత్తె అక్కర్లేదు. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.

1. ముందు ఇంట్లో పటికతో చూడండి

ఇది చిన్నపిల్లల ఆట అని దాటేయకండి. దీన్ని కళ్లారా చూసినవాళ్లు గుట్ట దగ్గర తప్పు చేయడం తక్కువ.

స్టీలు గిన్నెలో 400 మిల్లీలీటర్ల నీళ్లు వేడి చేయండి. మరగనివ్వక్కర్లేదు, పొగలు వస్తే చాలు. దంచిన పటిక 160 గ్రాములు వేసి పూర్తిగా కరిగేదాకా కలపండి. అల్యూమినియం గిన్నె వద్దు, పటిక నీళ్లు దాన్ని తింటాయి. అడుగున మడ్డి కనిపిస్తే పలుచటి బట్టలో వడకట్టండి. గ్లాసులు పగలకుండా ముందు గోరువెచ్చని నీళ్లతో కడిగి, చెరి సగం పోయండి.

ఒక గ్లాసు ఐసు నీళ్లలో పెట్టి చెంచాతో తిప్పుతూ ఉండండి. రెండో దాని మీద మూత పెట్టి, బొంతలో చుట్టి, ఎవరూ కదపని మూలన తెల్లారేదాకా వదిలేయండి. మామిడికాయలు మాగబెట్టినట్టు బియ్యం డబ్బాలో పెడితే వేడి ఇంకా బాగా నిలుస్తుందని నేను ఒకసారి ప్రయత్నించాను. గ్లాసు ఒరిగింది. ఆ బియ్యం సంగతి మా ఇంట్లో ఇప్పటికీ పండక్కోసారి గుర్తుచేస్తారు. బొంతే మేలు.

ఐసులో పెట్టిన గ్లాసు అడుగున తడి ఉప్పు లాంటి సన్నటి పొడి చేరుతుంది. బొంతలోని గ్లాసులో కందిపప్పు బద్దంత, ఒక్కోసారి ఇంకా పెద్దగా, అంచులు తీరిన పలుకులు కనిపిస్తాయి. పదార్థం ఒకటే, మారింది చల్లారిన వేగమే. నిదానంగా చల్లారేటప్పుడు కొన్ని గింజలే పుట్టి అవే పెరుగుతాయి. గబుక్కున చల్లారిస్తే లక్ష గింజలు ఒకేసారి పుట్టి, ఏదీ పెరగదు.

రెండింటిలోనూ పొడే వచ్చిందా? రెండో గ్లాసును ఎవరో ఎత్తి చూసి ఉంటారు. దేనిలోనూ ఏమీ రాలేదా? పటిక సరిపోలేదు. మళ్లీ వేడి చేసి ఇంకో 40 గ్రాములు వేయండి. ఈ నీళ్లు ఎవరూ తాగకుండా చూసుకోండి.

అసలు పలుకే పుట్టనంత వేగంగా చల్లారితే ఎలా ఉంటుందో తెలియాలంటే పల్లీ పట్టీ విరిచి చూడండి. బెల్లం పాకం అద్దంలా పగులుతుంది. కొన్ని లావాలు కూడా అలాగే గాజులా గట్టిపడతాయి. మన గుట్టల గ్రానైట్‌లో అలాంటి గాజు కనిపించదు.

2. మీది గ్రానైట్ నేలేనా?

దక్షిణ తెలంగాణ అంతా ఒకే రాయి కాదు. హుజూర్‌నగర్, మేళ్లచెరువు, వాడపల్లి వైపు ఉన్నది సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలన్నీ అక్కడ చేరడానికి కారణం అదే. అమ్రాబాద్ దాటి నల్లమలలోకి వెళ్తే నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న రాళ్లు. వికారాబాద్ వైపు నిజంగానే లావా ఉంది: దక్కన్ పీఠభూమి నల్లరాయి, సుమారు 6.6 కోట్ల ఏళ్లది. మన గ్రానైట్ ముందు అది నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల.

అనుమానం ఉంటే రాయిని కత్తితో గీకి, ఆ పొడి మీద వెనిగర్ చుక్క వేయండి. బుసబుస పొంగితే సున్నపురాయి, ఇక్కడితో ఆగిపోండి. బాత్రూం యాసిడ్ పోసి చూశామని కొందరు రాస్తుంటారు. దయచేసి వద్దు.

జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో మీ మండలం మ్యాపు కూడా చూడొచ్చు. కానీ ముందు రాయి, తర్వాత మ్యాపు. మ్యాపు ముందు చూస్తే రాయిలో అదే కనబడుతుంది.

3. తాజా ముఖం వెతకండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. గుట్ట మీద పైకి కనిపించేది రాయి తోలు మాత్రమే. ఎండకు మాడి, వానకు తుప్పు రంగు పట్టి, నాచు కప్పుకొని ఉంటుంది. పైనుంచి కిందికి జారిన నల్లటి చారలను చూసి "సార్, లావా కారిన గుర్తులు" అని ఫోటోలు పంపుతారు. అవి వాన నీళ్లు జారే దారులు. ఆ తడికి నాచు పెరిగి నల్లబడింది, అంతే.

మరి తాజా ముఖం ఎక్కడ దొరుకుతుంది? రోడ్డు కోసిన చోట, కొత్తగా తవ్విన బావి గట్టు మీద, పొలం చుట్టూ పాతిన రాతి కడీల విరిగిన అంచున, ఇల్లు కడుతున్న చోట పడేసిన రాళ్లలో. అందుకే సుత్తె వద్దన్నాను, పగలగొట్టిన రాయి మన ఊళ్లలో కావాల్సినంత ఉంది.

నడుస్తున్న క్వారీలోకి మాత్రం పోకండి. బ్లాస్టింగ్ ఎప్పుడు పెడతారో తెలియదు, కోసిన గోడలు విరిగిపడతాయి. నీళ్లు నిండిన పాత క్వారీ గుంతలు ఇంకా ప్రమాదం. గుండ్ల సందుల్లో చెయ్యి పెట్టకండి, పాములుంటాయి. బండ కింద తేనెతుట్టె ఉంటే గట్టిగా మాట్లాడకుండా వెనక్కి రండి. భువనగిరి కోట బండ మీదా, దేవరకొండ ఖిల్లాలోనూ, పానగల్లు గుళ్లలోనూ గీకడం, కొట్టడం, నీళ్లు పోయడం ఏదీ వద్దు. అక్కడ కళ్లతోనే చూడాలి. పానగల్లు గుళ్ల నున్నటి నల్లరాతి స్తంభాలను ఆరో మెట్టు చదివాక ఒకసారి చూసి రండి.

4. తడిపి, మూడు రకాల పలుకులను పట్టుకోండి

బ్రష్‌తో దుమ్ము దులిపి నీళ్లు చల్లండి. రంగులు ఒక్కసారిగా లేస్తాయి. రాయిని ఎండలో అటూ ఇటూ తిప్పండి.

గులాబీ రంగులోనో తెల్లగానో ఉండి, తిప్పినప్పుడు అద్దం ముక్కలా తళుక్కున మెరిసే చదును ముఖాలు కనిపిస్తే అది ఫెల్డ్‌స్పార్. బూడిద రంగులో, నూనె రాసినట్టు, పగిలిన సోడాసీసా ముక్కలా ఉంటే క్వార్ట్జ్. మన పొలాల్లో దొరికే పలుగురాయి కూడా ఇదే. ఈ రెండూ కత్తికి లొంగవు. గీస్తే రాయి మీద పడే గీత కత్తి ఇనుముదే. నల్లగా, రేకులు రేకులుగా, గోటితోనో మేకు మొనతోనో పొరలు లేస్తే నల్ల అభ్రకం, అంటే కాకిబంగారం తమ్ముడు. నల్లగా ఉండి రేకులు లేవకపోతే హార్న్‌బ్లెండ్ కావచ్చు.

ఈ మూడు రకాలు కనిపిస్తే మీ చేతిలో ఉన్నది గ్రానైట్ కుటుంబం రాయే. ఇప్పుడు క్వార్ట్జ్ ఆకారం గమనించండి. దానికి సొంత ఆకారం ఉండదు, మిగతావాటి సందుల్లో ఇరుక్కొని ఉంటుంది. బస్సులో చివర ఎక్కినవాడు ఎలా నిలబడతాడో అలా. నిజంగానే అది చివర గట్టిపడినవాటిలో ఒకటి. ఫెల్డ్‌స్పార్ ముందుగా సీటు పట్టుకుంది.

కొన్ని చోట్ల చిన్న పలుకుల మధ్య అంగుళం పొడవున పలకల్లాంటి ఫెల్డ్‌స్పార్‌లు తేలుతున్నట్టు కనిపిస్తాయి. సాధారణంగా పెద్దవి ముందే నిదానంగా పెరిగి, మిగిలిన ద్రవం తర్వాత కాస్త త్వరగా గట్టిపడిందని దాని అర్థం.

5. లెక్కపెట్టండి

"పెద్దగా ఉన్నాయి సార్" అంటే నాకేం అర్థం కాదు. తడి రాయి మీద స్కేలు పెట్టి 10 సెంటీమీటర్ల గీత ఊహించుకోండి. ఆ గీత కింద ఎన్ని పలుకులు వస్తాయో లెక్కపెట్టండి. 100ను ఆ సంఖ్యతో భాగిస్తే సగటు పలుకు మిల్లీమీటర్లలో వస్తుంది. గీత కింద 25 పలుకులుంటే, సగటు 4 మిల్లీమీటర్లు. ఒక్క గీతతో సరిపెట్టకండి. అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా మూడుసార్లు చేసి సగటు తీయండి.

1 మిల్లీమీటరు కన్నా తక్కువైతే సన్నపలుకు, అంటే బొంబాయి రవ్వలోపు. 1 నుంచి 5 దాకా మధ్యరకం. 5 దాటితే ముతక, శనగబద్దంత. మన గుట్టల్లో తరచుగా మధ్యరకం నుంచి ముతక దాకా వస్తుంది. కళ్లతోనే ఇన్ని పలుకులు లెక్కపెట్టగలిగారంటే అది లోతులో చల్లారిన రాయి. వికారాబాద్ లావా రాయి మీద ఇదే లెక్క చేయబోతే భూతద్దం పెట్టినా పలుకులు సరిగా దొరకవు.

లెక్కపెడుతుంటే నలుపు తెలుపు పట్టీలు జంపఖానాలా కనిపించాయా? అది బహుశా నైస్, తర్వాత వేడికీ ఒత్తిడికీ నలిగిన రాయి. మన ప్రాంతంలో చాలానే ఉంది. దాని మీద చల్లారిన వేగం లెక్క కట్టకండి, వేరే చోటు చూడండి.

6. నల్లగుండ్ల వరుస మీద నడవండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇది. ఫోన్‌లో మీ ఊరి శాటిలైట్ మ్యాపు తెరవండి. పొలాల మీదుగా, వాగులనూ గట్లనూ లెక్కచేయకుండా, తాడు లాగినట్టు నేరుగా కిలోమీటర్ల కొద్దీ సాగే సన్నటి నల్లని గట్టు కనిపిస్తుందా? మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు ఇవి చాలా ఉన్నాయి. వీటిని డైక్ అంటారు. గ్రానైట్ ఎప్పుడో గట్టిపడి చల్లారాక, దాని పగుళ్లలోకి కింద నుంచి వేరే రకం మాగ్మా ఎక్కి బిగుసుకుంది. ఆ రాయి పేరు డోలరైట్. క్వారీ వ్యాపారులు బ్లాక్ గ్రానైట్ అని అమ్ముతారు కానీ అది గ్రానైట్ కాదు.

బావులు తవ్విన ఒక తాత నాతో అన్నాడు: "సారూ, నల్లబండ తగిలిందంటే పాత కూలికి దిగం." డోలరైట్ అంత మొండి రాయి.

ఇప్పుడు చేయాల్సింది: గ్రానైట్ మీద నిలబడి, డైక్‌ను అడ్డంగా దాటుతూ నడవండి. అంచు నుంచి నడుమ దాకా నాలుగైదు చోట్ల తాజా ముక్క చూసి పలుకు సైజు రాసుకోండి. గ్రానైట్‌ను తాకే అంచున పలుకులు కనబడనంత సన్నగా, నడిమికి వచ్చేసరికి కాస్త ముతకగా ఉంటే మీ పని పండినట్టే. చల్లటి గ్రానైట్‌ను తాకిన అంచు ఐసు గ్లాసులా గబుక్కున గట్టిపడింది, నడుమ బొంతలో గ్లాసులా ఆగి చల్లారింది. ఇంట్లో రెండు గ్లాసుల్లో చూసింది ఇక్కడ ఒకే రాయిలో ఉంది.

డైక్ వెడల్పు కూడా అడుగులతో కొలిచి రాసుకోండి. మందం పదింతలైతే చల్లారే కాలం దాదాపు వందింతలవుతుంది. మీటరు వెడల్పు డైక్ గట్టిపడటానికి రోజులు చాలు. కిలోమీటర్ల మందం ఉన్న గ్రానైట్ ముద్దకు లక్షల ఏళ్లు పట్టొచ్చు.

అంచు దొరకలేదా? చాలాసార్లు మట్టి కప్పేసి ఉంటుంది. వాగు కోసిన చోటో, కాలువ తవ్విన చోటో వెతకండి. నడుమ, అంచు ఒకేలా ఉన్నాయంటే డైక్ మరీ సన్నది అయ్యుండొచ్చు, లేదా మీరు అసలు అంచు దాకా చేరలేదు. రెండోదే ఎక్కువసార్లు జరుగుతుంది.

7. ఒక మినహాయింపు

గ్రానైట్ మధ్యలో జానెడు వెడల్పు గులాబీ చార, అందులో అరచేయంత ఫెల్డ్‌స్పార్, పుస్తకంలా పేర్చిన కాకిబంగారం కనిపిస్తే అది పెగ్మటైట్. "ఇంత పెద్ద పలుకులంటే కోట్ల ఏళ్లు చల్లారి ఉంటుంది కదా సార్?" ఇక్కడ ఆ సూత్రం పనిచేయదు. మాగ్మా చివరిదాకా గట్టిపడుతూ వచ్చేసరికి నీళ్లు, ఫ్లోరిన్ లాంటివి మిగిలిన కాస్త ద్రవంలో చేరుతాయి. ఆ ద్రవం పలచబడి, ఖనిజాలు సులువుగా కదిలి, తక్కువ కాలంలోనే పలుకులు పెద్దగా పెరుగుతాయి. కాబట్టి సన్నటి చారలో పెద్ద పలుకులుంటే వేగం లెక్క వేయకండి. తెల్లటి పలుగురాయి చారలు కూడా ఈ లెక్కలోకి రావు. అవి చాలావరకు వేడినీళ్లు పగుళ్లలో వదిలిపోయినవి.

ఫ్లోరిన్ మాట వచ్చింది కాబట్టి: మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్లలో ఫ్లోరైడ్‌కు మూలం ఈ గ్రానైట్ ఖనిజాలే. అభ్రకంలో, అపటైట్‌లో, ఫ్లోరైట్‌లో ఉన్నది భూగర్భజలంలోకి కరుగుతుంది. కానీ రాయిని చూసి నీళ్లు మంచివో కావో చెప్పలేం. నీళ్లు పరీక్ష చేయించాల్సిందే.

8. తూచి సరిచూసుకోండి

కళ్లు మోసం చేస్తాయి, కాటా చేయదు. వంటింటి డిజిటల్ కాటా మీద రాయిని తూచండి. తర్వాత కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి. రాయికి దారం కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. అప్పుడు కాటా చూపే గ్రాములే రాయి ఘనపరిమాణం. మొదటి బరువును దీనితో భాగించండి.

540 గ్రాముల రాయికి నీళ్లలో 203 వచ్చిందనుకోండి, జవాబు 2.66. గ్రానైట్ 2.6, 2.7 మధ్య ఉంటుంది, డోలరైట్ 2.9, 3.0 దగ్గర. 2.5 కన్నా తక్కువ వచ్చిందంటే రాయి మొరం అయ్యే దారిలో ఉంది, లేదా అడుగు తగిలింది. దారం కట్టిన అయస్కాంతాన్ని దగ్గరికి తెస్తే డోలరైట్ చాలాసార్లు కొద్దిగా లాగుతుంది. ఇది తోడు సాక్ష్యమే, దీని మీదే తీర్పు చెప్పకండి.

మళ్లీ మళ్లీ వచ్చే పొరపాట్లు

రంగును బట్టి పేరు పెట్టడం మొదటిది. గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్‌లోని ఇనుప కణాల వల్ల వస్తుంది, చల్లారిన వేగానికీ దానికీ సంబంధం లేదు. రెండోది, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లను చూసి ఎక్కడి నుంచో ఎగిరిపడ్డాయనుకోవడం. అవి పుట్టిన చోటే ఉన్నాయి. పగుళ్ల వెంట నీళ్లు దిగి, మూలలు అరిగి, మధ్యలోని మెత్తబడిన మొరం కొట్టుకుపోయి గుండ్లు మిగిలాయి. మూడోది, గ్రానైట్‌లో కనిపించే ముదురు మచ్చలను డైక్ అనుకోవడం. డైక్‌కు నిటారు అంచులుంటాయి, సాగి పోతుంది. మచ్చలు గ్రానైట్‌లో చిక్కుకున్న వేరే రాతి ముక్కలు. బిర్యానీలో ముక్కల్లా చుట్టూ అన్నమే ఉంటుంది.

నారాయణపేట వైపువాళ్లు వజ్రాల గురించి తప్పకుండా అడుగుతారు. కోటకొండ, మద్దూరు దగ్గర కింబర్లైట్, అంటే వజ్రాలు ఉండే అవకాశమున్న రాయి, ఉన్న మాట నిజమే. అది 150 కిలోమీటర్లకు పైగా లోతు నుంచి వేగంగా ఎగదన్నుకొచ్చిన మాగ్మా, దారిలో చల్లారే తీరిక దానికి దొరకలేదు. కానీ అక్కడ గడ్డపారతో తవ్వి బాగుపడినవాళ్లెవరూ నాకు ఇంతవరకు తగల్లేదు.

ఇవన్నీ చేశాక కూడా అనుమానం మిగిలితే ఫోటో పంపండి. పొడిగా ఉన్నప్పుడు ఒకటి, తడిపాక ఒకటి, దూరం నుంచి గుట్ట మొత్తం ఒకటి. రాయి పక్కన స్కేలో, రూపాయి బిళ్లో పెట్టండి. వేలు పెట్టకండి, మీ వేలు ఎంత లావుంటుందో నాకు తెలియదు.